ఫోటోలో మిగిలిపోయిన చెయ్యి

మంగళవారం పొద్దున ఆఫీసు బస్సులో ఉండగా మా డాన్సు గ్రూపులో ఒక ఫోటో పడింది. కింద ఇంగ్లీషులో రెండు వాక్యాలు. ఎప్పుడూ చిరునవ్వుతో ఉండే మన ప్రియమైన ఆంటీ ఇక లేరు. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి.

రెండు వాక్యాల్లో మూడు అబద్ధాలు. ఇక లేరన్నదొక్కటే నిజం.

ఆవిడ చిరునవ్వుతో ఉండేది కాదు. నాలుగేళ్ళ పరిచయంలో ఆవిడ నవ్వడం నేను రెండుసార్లు చూశాను. అందులో ఒకటి ఈ ఫోటోలోదే. ఆంటీ అన్నవాణ్ణి వదిలేది కాదు. "మీ అమ్మకు చెల్లెల్నా నేను? సిస్టర్ అను," అనేది. డెబ్బై దాటిన మనిషిని సిస్టర్ అనడానికి నోరు రాక, మొదట్లో కొన్నాళ్ళు ఏ పిలుపూ లేకుండా గొంతు సవరించుకొని పని జరుపుకున్నాను. జీవితమంతా ఆసుపత్రి వార్డుల్లో గడిపి హెడ్ నర్సుగా దిగిపోయిన మనిషికి ఆ పిలుపు చుట్టరికం కాదు, హోదా. ఇక పల్లెత్తు మాట సంగతి. పల్లెత్తడమేమిటి, ఆవిడ నోరెత్తితే హాలు కప్పు లేచినంత పనయ్యేది.

ఆ ఫోటో తీసింది నేనే. అసలుది నా ఫోనులో ఉంది. అందులో ఇద్దరున్నారు. గ్రూపులో పెట్టినదాంట్లో రెండో మనిషిని కత్తిరించేశారు. కత్తిరించినవాడు తొందరలో ఉన్నాడేమో, సిస్టర్ ఎడమ భుజం మీద ఒక చెయ్యి మిగిలిపోయింది. మణికట్టుకు నీలిగళ్ళ చేతిరుమాలు కట్టుకున్న చెయ్యి. దానికి మనిషి లేదు. దాని కింద ఎవరెవరో వరసగా పెట్టుకుంటూ పోయిన దండం బొమ్మలు.

బస్సు బెళ్ళందూరు సిగ్నల్ దాటకముందే మా నిర్వాహకుడు ఫోను చేశాడు. వచ్చే శనివారం ఆవిడ జ్ఞాపకార్థం డాన్సు పెడుతున్నారట.

"నువ్వు మాట్లాడాలి గురూ. రెండే నిమిషాలు. మరీ హెవీగా వద్దు. లైట్‌గా, నీ స్టైల్లో."

నా స్టైల్ ఏమిటో నాకు తెలుసు. అది ఎక్కడ, ఎప్పుడు, ఎవరి మీద వాడానో కూడా తెలుసు. రెండు నిమిషాల్లో చెప్పేది కాదు కనక ఇది రాస్తున్నాను.

కాంట్రా డాన్సు అంటే తెలియనివాళ్ళకు ఒక్క మాట. నాలుగేళ్ళ కిందటి దాకా నాకూ తెలియదు. జనం రెండు బారు వరసల్లో ఎదురెదురుగా నిలబడతారు. ఎవరికి వాళ్ళకు ఒక జోడీ. పక్క జోడీతో కలిసి నలుగురు. వయొలిన్ మోగుతుంటే వేదిక మీదనుంచి ఒకరు ఏ అడుగు తర్వాత ఏ అడుగో చెబుతుంటారు. చేతులు పట్టుకోవడం, తిరగడం, వదలడం, మళ్ళీ పట్టుకోవడం. ఒక చుట్టు పూర్తయ్యేసరికి మీ జోడీ వరసలో ఒక స్థానం జరుగుతుంది. ఎదురుగా కొత్త జోడీ. వాళ్ళతోనూ అవే అడుగులు. అలా జరుగుతూ జరుగుతూ పాట ముగిసేలోగా వరసలో ఉన్న ప్రతి మనిషికీ మీరు చెయ్యి ఇస్తారు. ఈ ఆటలో ఉన్నదంతా అంతే. ఫలానావాళ్ళతో ఆడను అనడానికి ఇందులో వీలు లేదు. లేదనే నేను అనుకున్నాను.

అడుగులు చెప్పేవారిని కాలర్ అంటారు. ఆవిడ మా కాలర్. మొదటి రోజు నా కాళ్ళు ఒకదాన్నొకటి తొక్కుకుంటుంటే ఆ కాలర్ దిగివచ్చి నా కాలర్ పట్టుకుంది. నిజంగానే పట్టుకుంది.

"ఏమప్పా, కిందేమి పారేసుకుంటివి? కాళ్ళు యాడికీ పోవు, ఉన్నచోటే ఉంటాయి. నా మొగం చూడు. తిరిగేటప్పుడు కిందికి చూస్తే తల తిరుగుతాది. ఎదుటిమనిషి కళ్ళలో చూస్తే తిరగదు."

నా చెయ్యి పట్టుకొని అలాగే కాసేపు ఉంచుకుంది. తర్వాత తెలిసింది, ఆవిడ ఎవరి చెయ్యి పట్టుకున్నా రెండు వేళ్ళు దానంతటవే మణికట్టు మీదికి పోతాయని. నాడి చూస్తుంది. ఆడుతూ ఆడుతూనే జోడీలో ఎవరికి ఆయాసం ఉందో, ఎవరు పొద్దున్నించీ ఏమీ తినలేదో పట్టేసేది. నన్ను పరీక్షించి తీర్పు చెప్పింది. "చెమట పడతాండాది. భయస్తుడివి. ఫర్వాలేదు, భయపడేవాళ్ళు మోసం చెయ్యరు." ఆ రెండో మాటలో ఆవిడ అంచనా తప్పింది.

ఆవిడది కడప వైపు. అక్కడి మిషన్ ఆసుపత్రి హాస్టల్లో నర్సింగ్ నేర్చుకునే రోజుల్లో ఒక తెల్లదొరసాని మేట్రన్ శనివారం సాయంత్రాలు గ్రామఫోన్ పెట్టి పిల్లల చేత ఈ డాన్సు చేయించేదట. హాస్టల్లో అందరూ ఆడపిల్లలే. అందుకని సగంమంది మణికట్టుకు చేతిరుమాలు కట్టుకొని మగవాళ్ళ వైపు నిలబడేవాళ్ళు. ఆ అలవాటు మా గ్రూపులోకీ తెచ్చింది. ఎటువైపు ఆడదలిస్తే అటు, ఆడా మగా లెక్క లేదు, రుమాలే లెక్క.

ఇంగ్లీషు పిలుపులను ఆవిడ ఒప్పుకునేది కాదు. జంటగా పక్కపక్కన నడవాల్సి వస్తే, "స్ట్రెచర్ తోసినట్ల పోండప్పా, నిదానంగా, పేషెంటు ఉండాడు," అనేది. ముందుకో అడుగు, వెనక్కో అడుగు వెయ్యాలంటే, "సూది చూసిన మనిషి మాదిరి." వీపులు తగలకుండా ఒకరి చుట్టూ ఒకరు తిరగాలంటే, "డాక్టరొకడు ఇంకో డాక్టర్ని దాటిపోయినట్ల, మొగాలు చూసుకోకుండా!" ఇంజనీర్లు, సంగీతం మాస్టర్లు, ఒక దంతవైద్యుడు, అందరం ఆ మాటలకే అడుగులు నేర్చుకున్నాం.

కోపాల్లో ఆవిడకు పెద్దకోపం ఒకటుంది. ఈ ఊళ్ళో పొద్దున లేస్తే పది చోట్ల వినపడే ఒక కన్నడ మాట మీద. బస్సులో సీటు దగ్గర, ఆఫీసులో కౌంటర్ దగ్గర, అద్దె ఇంట్లో నీళ్ళ దగ్గర: స్వల్ప అడ్జస్ట్ మాడి. కాస్త సర్దుకోండి. ఎవరైనా ఆ మాట అంటే ఆవిడ ముక్కుపుటాలు అదిరేవి.

"సర్దుకొనేది దినమూ ఒకటే మనిషి కదప్పా. ఒక దినం నువ్వు సర్దుకో, చూస్తా."

మునెమ్మ ఆటలోకి వచ్చింది కూడా ఒక కోపం మూలానే. మా డాన్సు నెలకు రెండు శనివారాలు, ఒక చర్చి వెనక హాల్లో. ఆ హాలు ఊడ్చి, కుర్చీలు సర్ది, తాళం వేసే మనిషి మునెమ్మ. నలభై అయిదేళ్ళుంటాయి. తాతల కాలంలోనే చిత్తూరు వైపునుంచి ఈ ఊరికి వచ్చిన కుటుంబం. చీపురు పట్టుకొని గోడవార నిలబడి చూస్తుండేది. ఒక శనివారం మేం పదమూడుమంది తేలాం. ఒకరికి జోడీ లేదు. ఎవరో, "ఆంటీ, ఒకరు కూర్చుంటారులే, అడ్జస్ట్ చేద్దాం," అన్నారు. ఒకే వాక్యంలో ఆంటీ, అడ్జస్టు, రెండూ.

సిస్టర్ గోడ దగ్గరికి వెళ్ళి చీపురు లాక్కొని మూలన పెట్టింది.

"రా మే."

"అయ్యో బేడ, వద్దు సిస్టరమ్మా. నాకు రాదు."

"వాళ్ళకు మాత్రం వస్తాదా? చూస్తాండావు కదా."

మునెమ్మకు వచ్చు. గోడవార నిలబడి చూసి అన్ని అడుగులూ నేర్చేసుకుంది. నాకు ఆరు నెలలు పట్టినవి ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని, సిస్టర్ ఇచ్చిన నీలిగళ్ళ రుమాలు కట్టుకొని, మొదటి పాటలోనే తప్పు లేకుండా ఆడేసింది. పాట ఆగాక సిస్టర్ నవ్వింది. అది మొదటిసారి. ఆ రోజునుంచి కాలర్ పని లేనప్పుడల్లా ఆవిడ జోడీ మునెమ్మే. రెండేళ్ళు ఆడారు. మేమందరం మునెమ్మకు చెయ్యి ఇచ్చాం. మేం గొప్పవాళ్ళమని మాకు చాలా నమ్మకంగా ఉండేది.

తర్వాత ఆ శని, ఆదివారాలు వచ్చాయి.

మూడు నాలుగు ఊళ్ళ నుంచి ఈ డాన్సు ఆడే స్నేహితులందరినీ పిలిచి రెండు రోజుల పండగ చెయ్యాలని మా నిర్వాహకుడి ఆలోచన. పగలు ఊరు చూడటం, సాయంత్రం డాన్సు. వయొలిన్, గిటార్ వాయించేవాళ్ళను కూడా పిలిపించాడు. పేర్ల జాబితా నా చేతికి ఇచ్చాడు. ఇస్తూ గొంతు తగ్గించి, "బయటివాళ్ళు వస్తున్నారు కదా. మునెమ్మను ఈ ఒక్కసారికి..." అన్నాడు.

"ఆ మాట మీరే సిస్టర్‌తో అనండి," అన్నాను. నా జీవితంలో నేను చూపిన ధైర్యం ఆ మేరకే, వేరేవాళ్ళను పులి దగ్గరికి పంపడం. అతను అన్నాడు. ఆవిడ జవాబు ఆరు అక్షరాలు మించలేదట. జాబితాలో మునెమ్మ పేరు రాశాను.

శనివారం పొద్దున మినీబస్సులో లాల్‌బాగ్ తోటకు. మునెమ్మ అప్పటికే రుమాలు కట్టుకొని వచ్చింది, సాయంత్రం డాన్సుకు. ఊళ్ళోనే పుట్టి పెరిగిన ఆమె అక్కడి అద్దాలమేడను లోపలినుంచి చూడటం అదే మొదటిసారట. సిస్టరే గైడు. ఆవిడ చూపించే పద్ధతి తిట్టడం. గోపురం ఉన్న రాతిగుట్ట ఎక్కుతూ కొందరు ఫోన్లు చూసుకుంటూ తర్వాత ఎక్కడికి అని అడిగారు. ఆవిడ ఆగిపోయింది.

"ఈ రాయి కోట్ల సంవత్సరాలదని ఆడ బోర్డు మీద రాసుండాది. అది అన్ని కోట్లేండ్లు ఈన్నే ఉండాది. మీరు అయిదు నిమిషాలు ఉండలేరా?"

అందరూ కూర్చున్నారు. అయిదు నిమిషాలు. ఆవిడ గడియారం చూసి లేపింది.

వచ్చినవాళ్ళలో తెల్ల బూట్లు వేసుకున్న ఒక పెద్దమనిషి ఉన్నాడు. అరవై ఉంటాయి. మా అందరికంటే బాగా ఆడతాడు. విదేశాల్లో ఎక్కడెక్కడ ఆడాడో మెత్తగా, ఓపికగా చెబుతాడు. మొరటు మాట ఒక్కటి లేదు ఆయన దగ్గర. గుట్ట మీద అందరం ఫోటోకు నిలబడుతుంటే మునెమ్మ కూడా వచ్చి చివర నిలబడింది. ఆయన చాలా మర్యాదగా ఫోను ఆమె చేతిలో పెట్టి, "కాస్త తీసిపెడతావామ్మా?" అన్నాడు. ఇంకెవరో తమ సంచి కూడా పట్టుకోమన్నారు. మునెమ్మ సంచి భుజాన వేసుకొని ఫోను ఎత్తింది.

"ఆ ఫోను నాకియ్యి," అంది సిస్టర్ వరసలోంచి బయటికి వచ్చి. "సంచి ఆయనకియ్యి. నువ్వు పొయ్యి నిలబడు."

"అయ్యో, ఆవిడకు అభ్యంతరం లేదండీ," అన్నాడాయన.

"నాకుండాది."

అందరూ కాస్త నవ్వారు. పెద్దావిడ, కోపిష్టి, తమాషా మనిషి అనుకునే నవ్వు. నేనూ నవ్వాను. తర్వాత వాతావరణం తేలిక చెయ్యాలని వాళ్ళిద్దరినీ నిలబెట్టి నేనొక ఫోటో తీశాను. ఏమనిపించిందో మునెమ్మ చటుక్కున సిస్టర్ భుజం మీద చెయ్యి వేసింది. రెండో నవ్వు అదే. ఇప్పుడు గ్రూపులో మునెమ్మ లేకుండా ఉన్న నవ్వు.

ఆదివారం సాయంత్రం చివరి డాన్సుకు కాలర్ సిస్టర్. ఆవిడ వేదిక మీద ఉంది కనక మునెమ్మకు జోడీ కావాలి. "నువ్వుండు," అని సిస్టర్ నా వైపు వేలు చూపింది. సంతోషించాను. మునెమ్మ పక్కనుంటే నా తప్పులు ఆమె సర్దేస్తుంది.

వరస కదిలింది. మూడు జోడీలు దాటాం, నాలుగు దాటాం. అయిదో స్థానంలో మా ఎదురుగా తెల్ల బూట్లు. అడుగు ప్రకారం ఆయన మునెమ్మతో చేతులు కలిపి గిర్రున తిరగాలి. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కట్టుకొని, తల ఊపుతూ, తాళానికి తగ్గట్టు ఉన్నచోటే లయగా కదులుతూ, మునెమ్మ ఒక్కతే గాలిని పట్టుకొని తిరుగుతుంటే చిరునవ్వుతో చూస్తున్నాడు. ప్రోత్సహిస్తున్నట్టుగా.

నేను చూశాను. పక్కనే ఉన్నాను. నా వంతు అడుగు వేశాను.

సిస్టర్ కూడా చూసింది. అరచెయ్యి ఎత్తింది. వయొలిన్ ఆగింది. ఈ ఆటలో కాలర్ మధ్యలో పాట ఆపడమన్నది ఉండదు. ఎవరు తప్పినా, ఎవరు పడినా, తర్వాతి చుట్టులో సర్దుకుంటుంది.

"లైన్లో చెయ్యి తప్పింది," అంది మైకులో. "మళ్ళా మొదట్నించి."

మళ్ళీ మొదటినుంచి. అయిదో స్థానానికి వచ్చేసరికి ఆయన దాహం వేసినట్టు వరస వదిలి నీళ్ళసీసా దగ్గరికి వెళ్ళాడు. ఆ చుట్టు అయ్యాక వచ్చి నిలబడ్డాడు.

అరచెయ్యి లేచింది. "మళ్ళా మొదట్నించి."

గుసగుసలు మొదలయ్యాయి. మూడోసారి ఆయన మునెమ్మకు దండం పెట్టాడు. రెండు చేతులూ జోడించి, తల వంచి. అంత అందంగా చెయ్యి ఇవ్వకపోవడం నేనెక్కడా చూడలేదు. పాట ఆగింది.

"దండం వద్దు సార్," అంది సిస్టర్. గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండేది, మాకు అలవాటే. "ఆమె దేవుడు కాదు. చెయ్యి ఇయ్యండి. మీరు ఇయ్యకుంటే లైను ముందుకు పోదు. నేను పోనియ్యను."

హాలు నిండా జనం. మునెమ్మ నేల చూస్తోంది. నా చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. నిర్వాహకుడు వేదిక కిందనుంచి, "సిస్టర్, ప్లీజ్, స్వల్ప అడ్జస్ట్..." అని, మాట మింగేసి, నా వైపు చూశాడు. నువ్వెళ్ళు అన్నట్టు కనుసైగ. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడతానని నాకు పేరు. ఆ పేరు తెచ్చుకోవడానికి నేను ఎన్నేళ్ళు కష్టపడ్డానో!

మునెమ్మ చెయ్యి వదిలి వేదిక ఎక్కాను.

"సిస్టర్, టైమైపోతోంది. దీని గురించి తర్వాత మాట్లాడదాం."

"తర్వాత ఎప్పుడప్పా? నాకు డెబ్బై ఆరు."

నేను నవ్వుమొహం పెట్టుకొని చెయ్యి చాపాను. ఆవిడ నా మొహంలోకి చూసింది, తల తిరగకుండా చూసే ఆ చూపు. మైకు నా చేతిలో పెట్టింది.

"తీసుకో. మాట్లాడేది నీకు బాగా వస్తాది కదా. మాట్లాడు."

మాట్లాడాను. "మిత్రులారా, మన సిస్టర్ ఇంకా డ్యూటీ దిగలేదు. బుద్ధిగా చెయ్యి ఇచ్చేయండి. చెయ్యి ఇవ్వనివాళ్ళకు సూది ఎక్కడ పడుతుందో మీకు తెలుసు!"

హాలు విరగబడి నవ్వింది. బిగుసుకున్న గాలి ఒక్కసారిగా వదిలింది. వయొలిన్ అతను నవ్వాడు, నిర్వాహకుడు నవ్వాడు, తెల్ల బూట్ల పెద్దమనిషి చేతులు పైకెత్తి లొంగిపోయినట్టు నటించి అందరికంటే గట్టిగా నవ్వాడు. మునెమ్మ కూడా నవ్వింది. అది నేను ముఖ్యంగా చూసుకున్నాను. ఆమే నవ్విందంటే ఇక తప్పేముంది అని ఎనిమిది నెలలు నాకు నేను చెప్పుకున్నాను.

ఒక మనిషికి చెయ్యి ఇవ్వకపోవడమన్న విషయాన్ని నేను ఆ ఒక్క మాటతో ఒక ముసలావిడ చాదస్తం కింద మార్చేశాను. ఆయన చేసినదానికి కనీసం సిగ్గుపడి చేతులు వెనక దాచుకున్నాడు. నేను చేసినదానికి చప్పట్లు పడ్డాయి.

సిస్టర్ మెట్లు దిగింది. వరసలోకి వెళ్ళి మునెమ్మ చెయ్యి పట్టుకుంది, వేళ్ళు మణికట్టు మీద. గోడవారనున్న సంచి తీసుకుంది. ఇద్దరూ తలుపు దాటి వెళ్ళిపోయారు. కాలర్ లేకపోతే ఏం, నిర్వాహకుడికి ఆ అడుగులు వచ్చు. డాన్సు ముగిసింది. చాలా బాగా జరిగిందని అందరూ గ్రూపులో రాశారు. ఆ సాయంత్రం హాలు ఊడ్చే మనిషి లేక కుర్చీలు మేమే సర్దుకున్నాం. మేం సర్దుకోవడం అదే మొదటిసారి.

ఆ వారం రెండుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. మూడోసారి చెయ్యలేదు. మునెమ్మ మరో చోట పనికి కుదిరిందని విన్నాను.

ఆ ఫోటో పడిన మర్నాడు, బుధవారం సాయంత్రం, హూడి వైపు చిన్న చర్చిలో ఆవిడ కోసం ప్రార్థన. మా గ్రూపునుంచి ఏడెనిమిదిమంది వచ్చాం. పాట, ప్రసంగం అయ్యాక బయటికి పోయే తలుపు దగ్గర కుటుంబంవాళ్ళు నిలబడ్డారు. వచ్చినవాళ్ళు ఒకరి వెనక ఒకరు వెళ్ళి, చెయ్యి కలిపి, ఒక మాట చెప్పి బయటికి రావాలి. కుటుంబమంటే ఇద్దరే. ఆవిడ తమ్ముడి కూతురు. ఆమె పక్కన తెల్లచీరలో మునెమ్మ.

నా ముందు నిర్వాహకుడు. తమ్ముడి కూతురికి చెయ్యి ఇచ్చాడు, విచారం చెప్పాడు, ఒక అడుగు జరిగాడు, మునెమ్మను చూశాడు. జేబులోంచి ఫోను తీసి, మోగని ఫోనును చెవికి పెట్టుకొని, సారీ అన్నట్టు వేలు చూపి, పక్కగా బయటికి నడిచాడు. మరో ఊరి తెల్ల బూట్ల పెద్దమనిషి ఒక్కడి మీదే ఇన్నాళ్ళూ మా కోపమంతా పెట్టుకున్నాం, ఖర్చు లేకుండా.

తమ్ముడి కూతురు నా పేరు విని, "మీరా?" అంది. మర్యాదకు ఇంకో రెండు మాటలు కలిపింది. "అత్త డాన్సు మానలేదండీ. ఆదివారాలు ఈమె వచ్చేది. టీపాయ్ జరిపేసి ఇద్దరూ ఆడేవాళ్ళు. నలుగురు కావాలంట కదా. ఎదురుగా రెండు కుర్చీలు పెట్టుకొనేవాళ్ళు."

ఒక అడుగు జరిగాను.

అలవాటు కొద్దీ నా రెండు చేతులూ దండానికి లేవబోయాయి. మునెమ్మ చెయ్యి అప్పటికే చాచి ఉంది. ఇచ్చాను. గరుకైన, గట్టి అరచెయ్యి. నా చెయ్యి చెమటతో తడిసిపోయింది. నేల చూశాను.

"కిందికి చూడొద్దు సార్. నా మొగం చూడండి."

చూశాను.

"ఆ దినం నేను నవ్వితిని. మీరు చూస్తిరి కదా."

"చూశాను మునెమ్మా."

"అందరూ నవ్వినారని నవ్వితిని. సిస్టరమ్మను చూసి నవ్వుతాండారని తెలిసి కూడా నవ్వితిని. ఇంటికి పొయ్యేటప్పుడు బస్సులో ఆయమ్మ అడిగింది, ఏమే, నువ్వూ నవ్వితివా అని. ఇన్ని ఆదివారాలు పోతిని, ఆయమ్మ అన్నం పెట్టింది, ఆడిపించింది, నేను ఆ మాటకు జవాబు చెప్పలే. ఇప్పుడు ఎవరికి చెప్పేది?"

నేను ఏదో అనబోయాను.

"మీకు అది జోకు సార్. నాకు ఆయమ్మ." చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "లైన్లో నన్ను వదిలిపెట్టి పోతిరి. మీరు పట్టుకొనుంటే నేను నవ్వుండను."

వెనక వరస ఆగిపోయింది. ఎవరో దగ్గారు. ఏమైంది, కదలండి అని ఇంకెవరో నా వీపు తట్టారు. మునెమ్మ నా భుజం మీదుగా వాళ్ళ వైపు చూసింది.

"ఉండండప్పా. ఆగండి."

ఆగారు. ఆమె చెయ్యి వదల్లేదు. ఏదైనా ఒక తేలిక మాట దొరుకుతుందేమోనని అంతటిలోనూ నా బుర్ర వెతికింది. నా బుర్ర అలాంటిది. ఒక్కటీ దొరకలేదు. ఆమె మొహంలోకి చూస్తూ, చెయ్యి ఇచ్చి, అక్కడే నిలబడ్డాను.